హెలికాప్టర్ యూనిట్ చరిత్ర రాయడం ఎలా: నంబరు వెంట పడకండి, ఒక్క రోజును పట్టుకోండి

మన ఇళ్ళలో చాలామందికి నాన్నగారో, మేనమామో, తాతగారో ఎయిర్‌ఫోర్స్‌లోనో నేవీలోనో హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరైన వాళ్ళుంటారు. బీరువాలో ఒక పాత ఆల్బమ్, డిశ్చార్జి బుక్, మహా అయితే యూనిట్ గుర్తు చెక్కిన ఒక చెక్క షీల్డు. ఆయన పనిచేసిన యూనిట్ చరిత్ర రాద్దామని కూర్చున్న పిల్లలు మొదట చేసే పని ఆ యూనిట్ నంబరు ఇంటర్నెట్‌లో కొట్టి, వచ్చిన నాలుగు పేరాలు తిరగరాయడం. ఫలానా ఏడాది పుట్టింది, ఫలానా హెలికాప్టర్లు నడిపింది, ఫలానా యుద్ధంలో పాల్గొంది, అయిపోయింది. అది చరిత్ర కాదు, బయోడేటా.

నేను చెప్పే పద్ధతి వేరు. యూనిట్ మొత్తం జీవితాన్ని ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ఒక్క రోజు తీసుకోండి. ఆ రోజు ఎన్ని మెషీన్లు లేచాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవర్ని ఎక్కించుకుని, ఏం జరిగింది అన్నది కనీసం మూడు వైపుల నుంచి నిర్ధారించుకోండి. అలాంటి రోజులు ఓ పది దొరికితే మిగతా చరిత్ర వాటి చుట్టూ తనంతట తానే పేరుకుంటుంది.

అయితే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక నోట్‌బుక్‌లో మూడు కాలమ్స్ గీయండి: నంబరు, మెషీన్, ఊరు. ఈ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. నంబరు అదే ఉంటుంది, మెషీన్ మారిపోతుంది. పఠాన్‌కోట్‌లోని 125 యూనిట్ ఎంఐ-25, ఎంఐ-35 దాడి హెలికాప్టర్లు నడిపేది, 2019 సెప్టెంబర్ 3న అదే నంబరు కింద అపాచీ హెలికాప్టర్లు వచ్చి చేరాయి. మెషీన్ అదే ఉంటుంది, నడిపే సంస్థే మారిపోతుంది. ఆర్మీ సొంత హెలికాప్టర్ విభాగమైన ఆర్మీ ఏవియేషన్ కోర్ పుట్టింది 1986 నవంబర్ 1న, అంతకుముందు ఫిరంగి దళం అధికారులు నడిపే ఎయిర్ ఓపీ (పైనుంచి చూసి ఫిరంగులకి గురి చెప్పే) స్క్వాడ్రన్లు ఎయిర్‌ఫోర్స్ కింద ఉండేవి. అంచేత ఎవరైనా పెద్దాయన "నేను ఆర్మీ వాణ్ణే, కానీ 1980లో ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్‌లో ఉన్నా" అంటే ఆయన మతిమరుపుతో మాట్లాడుతున్నాడని అనుకోకండి, అక్షరాలా నిజమే చెబుతున్నాడు.

ప్రాక్టీసుకి మన విశాఖ యూనిట్ ఒకటి బాగా పనికొస్తుంది, ఎందుకంటే దాని జీవితం చిన్నది, తేదీలన్నీ బయటికి వచ్చినవే. అమెరికా నుంచి కొన్న ఐఎన్ఎస్ జలాశ్వ నౌక (అమెరికా నేవీలో దాని పేరు యూఎస్ఎస్ ట్రెంటన్) 2007లో వచ్చింది, దానితోపాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు వచ్చాయి. వాటిని పెట్టింది విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో. కానీ వాటిని నడిపిన స్క్వాడ్రన్, ఐఎన్ఏఎస్ 350 (సారస్ స్క్వాడ్రన్ అంటారు), అధికారికంగా మొదలైంది 2009 మార్చి 24న. 2024 జూన్ 28న డేగాలోనే ఆ హెలికాప్టర్లకి వీడ్కోలు పలికారు. ఇప్పుడు చెప్పండి, 17 ఏళ్ళ సేవ అని రాయాలా, 15 ఏళ్ళ సేవ అని రాయాలా? రెండూ కరెక్టే. 17 మెషీన్ వయసు (మన దగ్గర ఉన్నంత వరకు, అమెరికాలో ఎగిరిన కాలం వేరే), 15 ఆ మెషీన్‌తో స్క్వాడ్రన్ గడిపిన కాలం. పైగా హెలికాప్టర్ వెళ్ళిపోయింది కానీ స్క్వాడ్రన్ మూతపడలేదు, దాని స్థానంలో సీకింగ్ 42సీలు వచ్చాయి. "సారస్ స్క్వాడ్రన్ కథ ముగిసింది" అని రాసేస్తే తప్పయిపోతుంది. మూడు కాలమ్స్ విడివిడిగా రాసుకున్నవాడికి ఈ గొడవ ఉండదు.

ఇక అసలు పని, రోజును పట్టుకోవడం. 1971 డిసెంబర్ 7, సిల్హెట్. నా లెక్కలో మన దేశంలో హెలికాప్టర్ యూనిట్ల గురించి రాయాలనుకునేవాళ్ళు మొట్టమొదట నేర్చుకోవాల్సిన రోజు ఇదే.

విషయం క్లుప్తంగా ఇది. తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) నాలుగో కోర్ కమాండర్ సగత్ సింగ్. సిల్హెట్ పట్టణం దగ్గర దళాన్ని హెలికాప్టర్లలో దించాలని నిర్ణయం జరిగింది. దిగాల్సింది అయిదో గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్, కులౌరా వైపు నుంచి ఎక్కారు. మోసుకెళ్ళినవి ఎంఐ-4 హెలికాప్టర్లు, వాటిలో ప్రధానంగా 110 యూనిట్‌వి. ఎంఐ-4 అంటే ఇప్పటి టర్బైన్ హెలికాప్టర్ కాదు. ముక్కులో పెద్ద పిస్టన్ ఇంజిన్, దాని పైన పైలట్లు కూర్చునే చోటు, సామాను ఎక్కించడానికి వెనక రెండు రెక్కల్లా తెరుచుకునే తలుపులు. ఒక ట్రిప్పుకి ఎక్కేది డజను మంది, అటూ ఇటూగా. అంటే ఒక బెటాలియన్‌ని దించాలంటే అవే మెషీన్లు వెళ్ళి, రావడం, మళ్ళీ వెళ్ళి, రావడం. కింద నుంచి కాల్పులు జరుగుతుంటే, చీకటి పడిన తరవాత కూడా. ఈ ఆపరేషన్లకి ఎయిర్‌ఫోర్స్ వైపు నుంచి బాధ్యత చూసిన గ్రూప్ కెప్టెన్ చందన్ సింగ్ ఆ రాత్రి తానే స్వయంగా పదే పదే అక్కడికి ఎగిరి వెళ్ళాడు, తరవాత మహావీర చక్ర వచ్చింది.

ఇప్పుడు ఈ రోజు గురించి దొరికే ఆధారాలు చూడండి. ఆ సమయంలోనే బీబీసీ రేడియో సిల్హెట్ దగ్గర భారత సైన్యం ఒక బ్రిగేడ్‌ని దించింది అని చెప్పింది. బ్రిగేడ్ అంటే మూడు బెటాలియన్లు! దిగింది ఒకటి, అది కూడా పూర్తి బలంతో లేదు. ఆ మాట విన్న గూర్ఖాలు దాన్ని ఖండించకుండా నిజంగానే బ్రిగేడ్ అన్నట్టు పెద్ద ప్రదేశంలో పరుచుకుని నెట్టుకొచ్చారు, ఎదురుగా వాళ్ళకన్నా చాలా ఎక్కువమంది ఉన్న పాక్ దళం ముట్టడిలోనే ఉండిపోయి చివరికి లొంగిపోయింది. దీని నుంచి రాసేవాడు నేర్చుకోవాల్సింది ఏంటంటే, "ఆ రోజుల్లోనే వచ్చిన వార్త" అయినంత మాత్రాన అది నమ్మదగినది అయిపోదు. ఆ రేడియో వార్త ఆధారంగా ఎవరైనా సార్టీల (ఒక్కో హెలికాప్టర్ ఒక్కోసారి ఎగిరి రావడం) లెక్క వేస్తే మూడు రెట్లు తప్పు వస్తుంది.

మరి ఎలా? మూడు వైపులు అన్నాను కదా. ఒకటి, ఎక్కిన వాళ్ళ వైపు: బెటాలియన్ రికార్డులు, ఆ బెటాలియన్‌లో ఉన్నవాళ్ళ జ్ఞాపకాలు. ఇందులో ఎంతమంది, ఏ టైముకి, ఎక్కడ దిగారో ఖచ్చితంగా ఉంటుంది, కానీ ఏ యూనిట్ హెలికాప్టరో ఉండదు, పదాతి దళం వాడికి అది అనవసరం. రెండు, ఎగిరిన వాళ్ళ వైపు: పైలట్ లాగ్‌బుక్, యూనిట్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్. ఇందులో సార్టీలు, గంటలు, మెషీన్ నంబర్లు ఉంటాయి, కింద ఏం జరిగిందో ఉండదు. మూడు, ప్రభుత్వం వైపు: శౌర్య పతకాల ప్రశంసాపత్రాలు. వాటిలో భాష కొంచెం పొగడ్త ధోరణిలో ఉంటుంది కానీ తేదీ, చోటు, హోదా, పేరు మాత్రం పరిశీలించాకే అచ్చవుతాయి. మూడింటిలోనూ కలిసినదాన్ని గట్టిగా రాయండి. రెండింటిలో ఉండి మూడోదానిలో లేకపోతే "ఫలానా వాళ్ళ ప్రకారం" అని రాయండి. ఒక్కదానిలోనే ఉంటే, అది ఎంత రసవత్తరంగా ఉన్నా సరే, ఫుట్‌నోట్‌కి పంపండి.

ఇంకో జాగ్రత్త. డిసెంబర్ 9న మేఘనా నది మీద ఆశుగంజ్, భైరవ్ బజార్ మధ్య వంతెనని పాక్ దళాలు పేల్చేస్తే, అవే హెలికాప్టర్లతో దళాలని నది దాటించి అవతల రాయ్‌పురాలో దించారు. మేఘనా హెలీబ్రిడ్జ్ అని పేరు పడింది. ఇది ఏ యూనిట్ ఘనత అంటే 110 వాళ్ళు మాదంటారు, 105 వాళ్ళు మాదంటారు. నిజానికి యుద్ధంలో మెషీన్లు, మనుషులు ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి సర్దుబాటు అవుతూనే ఉంటారు. మీ నాన్నగారి యూనిట్ మీద ప్రేమ ఉండొచ్చు, తప్పులేదు, కానీ పక్క యూనిట్ వాళ్ళ వాటా మింగేయకండి.

కాల్‌సైన్ (రేడియోలో పిలుచుకునే పేరు) విషయంలోనూ ఇలాగే మోసపోతారు. 1999 మే 28న కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ మీద దాడికి వెళ్ళిన ఎంఐ-17ల ఫార్మేషన్ పేరు నుబ్రా. 129 యూనిట్ పేరు నుబ్రా వారియర్స్. కాబట్టి స్టింగర్ మిసైల్ తగిలి కూలిన హెలికాప్టర్ 129 వాళ్ళదే అని తేల్చేస్తారు. కాదు, అది సర్సావాలోని 152 యూనిట్‌ది. అందులో ఉన్న నలుగురూ, స్క్వాడ్రన్ లీడర్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ పీవీఎన్ఆర్ ప్రసాద్, సార్జెంట్ సాహు, ప్రాణాలు కోల్పోయారు. పేర్లు రాసేటప్పుడు పైలట్లిద్దరి దగ్గర ఆపేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి అలా చేయకండి. వెనక కూర్చున్న ఇంజనీర్, గన్నర్ కూడా అదే మెషీన్‌లో ఉన్నారు.

లాగ్‌బుక్ దొరికితే మాత్రం మీ పంట పండినట్టే. అయితే చదవడం తెలియాలి. ఒక్కో వరసలో తేదీ, హెలికాప్టర్ రకం, దాని నంబరు, కెప్టెన్ పేరు, రెండో పైలట్ పేరు, పని ఏంటి, పగలు ఎంతసేపు, రాత్రి ఎంతసేపు అని ఉంటుంది. అందరూ "పని" కాలమ్ దగ్గరే ఆగిపోతారు, అక్కడ చూస్తే ఏముంటుంది, "రవాణా" "లోకల్" "టెస్ట్" అని ఒక్కో ముక్క. నెలాఖరు పేజీ చూడండి. నెల మొత్తం గంటలు కూడి, కింద ఫ్లైట్ కమాండరూ కమాండింగ్ ఆఫీసరూ సంతకం చేసి యూనిట్ స్టాంపు వేస్తారు. ఒకే యూనిట్‌కి చెందిన రెండు మూడు లాగ్‌బుక్‌లు సంపాదిస్తే ఆ సంతకాల వల్ల ఏ నెలలో కమాండింగ్ ఆఫీసర్ మారాడో, యూనిట్ ఏ నెలలో ఊరు మారిందో ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోతుంది. రాత్రి గంటలు అకస్మాత్తుగా పెరిగిన నెల ఏదైనా కనబడితే అక్కడ ఏదో కథ ఉందని అర్థం, ఆ నెల వార్తాపత్రికలు తీయండి.

టెక్నీషియన్లకి ఫ్లయింగ్ లాగ్‌బుక్ ఉండదు. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఎయిర్‌మెన్‌గా చేరినవాళ్ళే కాబట్టి ఇది మీకు తప్పకుండా ఎదురయ్యే సమస్య. వాళ్ళ దగ్గర పోస్టింగుల వివరాలున్న సర్వీసు కాగితాలు ఉంటాయి, ఆల్బమ్ ఉంటుంది. ఆల్బమ్‌లో హెలికాప్టర్ ముందు నిలబడి దిగిన ఫొటోలో మనిషిని కాదు, వెనక తోకని చూడండి. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ల సీరియల్ నంబరులో జడ్ అక్షరం ఉంటుంది, నేవీవి ఐఎన్ అని మొదలవుతాయి. ఫొటో వెనక ఎవరో పెన్నుతో రాసిన తేదీ, తోక మీద సీరియల్, డిశ్చార్జి కాగితాల్లో పోస్టింగ్, ఈ మూడూ కలిస్తే ఒక మెషీన్ ఆ ఏడాది ఆ యూనిట్‌లో ఉందని నిరూపణ అయిపోయినట్టే. ఫొటోని ఫోన్‌తో తీయకండి, స్కాన్ చేయించండి, వెనక వైపు కూడా.

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు "అంకుల్, మీ అనుభవాలు చెప్పండి" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. చిన్న ప్రశ్నలు వేయండి. "సార్, ఒక ట్రిప్పుకి ఎంత బరువు ఎత్తేవాళ్ళు?" అని అడిగి చూడండి. లేహ్‌లో 1964 ఏప్రిల్ 1న మొదలైన 114 యూనిట్, సియాచిన్ పయనీర్స్ అంటారు, వాళ్ళలో ఎవర్ని ఈ ప్రశ్న అడిగినా ముఖం మారిపోతుంది. సియాచిన్ మీద మన హెలికాప్టర్ మొదటిసారి దిగింది 1978 అక్టోబర్‌లో, చేతక్. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌ని పట్టుకోవడానికి చేసిన ఆపరేషన్ మేఘదూత్‌లో బిలాఫోండ్ లా కనుమ దగ్గర జవాన్లని దించింది చీతా హెలికాప్టర్లు. ఆ ఎత్తులో గాలి పలచబడి రోటర్‌కి పట్టు దొరకదు, ఇంజిన్ శక్తి పడిపోతుంది, అందుకే పై పోస్టులకి ఒక్కో ట్రిప్పులో ఒకటో రెండో జెర్రీకేన్ల కిరోసిన్, అంతే. హెలిప్యాడ్ మీద ఇంజిన్ ఆపరు, ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. రోటర్ తిరుగుతుండగానే డబ్బా దించి, జబ్బు పడ్డ జవాను ఉంటే ఎక్కించుకుని వెళ్ళిపోవడమే. "అక్కడ ఎంతసేపు ఆగేవాళ్ళు? డబ్బా ఎవరు దించేవాళ్ళు? చేతి గ్లవ్ తీసేవాళ్ళా?" ఇలా అడుగుతూ పోతే మనిషి ఆ రోజులోకి వెళ్ళిపోతాడు, మీకు కావాల్సింది అదే.

తెలుగు పేపర్ల జిల్లా పేజీలని చాలామంది పట్టించుకోరు గానీ, 1977 దివిసీమ ఉప్పెన, 1986 గోదావరి వరదలు, 2009 కర్నూలు వరదలు, 2014 హుద్‌హుద్, 2024 విజయవాడ బుడమేరు, వీటన్నిటిలోనూ హెలికాప్టర్లు వచ్చాయి. వార్తలో మాత్రం "సైనిక హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడిచాయి" అని ఉంటుంది, యూనిట్ నంబరు కలలో కూడా రాయరు. కానీ ఫొటో ఉంటుంది. తోక చూడటం నేర్చుకున్నారు కదా, ఇక్కడ వాడండి. అలాగే 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణించిన హెలికాప్టర్ కూలినప్పుడు చిత్తూరు జిల్లాకి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా చనిపోయాడు, ఆ పేరు మనందరికీ గుర్తుంది. ఆ ఎంఐ-17వీ5 సూలూరులోని 109 యూనిట్‌ది, నడిపింది ఆ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ వింగ్ కమాండర్ పృథ్వీ సింగ్ చౌహానే. ఈ సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు?

ప్రభుత్వ కాగితాల సంగతి. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది, దాని ప్రకారం రికార్డులని మామూలుగా 25 ఏళ్ళకి బయటపెట్టాలి, యుద్ధాల చరిత్రని అయిదేళ్ళలో కూర్చాలి. కాగితం మీద బాగానే ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చుంటే మాత్రం మీ నాన్నగారి తరం వెళ్ళిపోతుంది. ఆర్టీఐ పెట్టొచ్చు, కేంద్ర ప్రభుత్వానికైతే ఫీజు 10 రూపాయలు. చట్టంలో 8(3) సెక్షన్ ప్రకారం 20 ఏళ్ళు దాటిన విషయాలకి చాలా మినహాయింపులు వర్తించవు, కానీ దేశ భద్రత మినహాయింపు మాత్రం అప్పుడూ వర్తిస్తుంది. కాబట్టి "ఫలానా యూనిట్ పూర్తి చరిత్ర ఇవ్వండి" అని అడిగితే తిప్పికొడతారు. "ఫలానా యూనిట్ ఏర్పాటు తేదీ, 1965 నుంచి 1985 వరకు కమాండింగ్ ఆఫీసర్ల పేర్లు" అని అడిగితే వచ్చే అవకాశం ఉంది. ఇంకో మంచి వనరు, రాష్ట్రపతి స్టాండర్డ్ (యూనిట్‌కి గౌరవంగా ఇచ్చే పతాకం) ప్రదానం చేసే సందర్భం. 2016 మార్చిలో జామ్‌నగర్‌లో 119 యూనిట్‌కి ఇచ్చినట్టు మీ యూనిట్‌కి కూడా ఎప్పుడైనా ఇచ్చి ఉంటే, అప్పటి పత్రికా ప్రకటనలో యూనిట్ జీవితం అంతా రెండు పేజీల్లో ఉంటుంది. దాన్ని అస్థిపంజరంగా వాడుకోండి, మాంసం మీరు పెట్టుకోవాలి.

మనుషుల్ని వెతకడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, ఎయిర్‌ఫోర్స్ అసోసియేషన్ శాఖలు. హైదరాబాద్ వాళ్ళకి ఇంకో సౌకర్యం ఉంది: హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ హకీంపేటలోనే ఉంది, అందుకని సికింద్రాబాద్ చుట్టుపక్కల కాలనీల్లో రిటైరైన హెలికాప్టర్ వాళ్ళు బాగానే దొరుకుతారు. ఒకరిని కలిస్తే ఆయనే ఇంకో ముగ్గురికి ఫోన్ కలుపుతాడు, అక్కడితో వాట్సాప్ గ్రూపులోకి మిమ్మల్ని లాగేస్తారు. గుడ్ మార్నింగ్ మెసేజీలు భరించాలి, తప్పదు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆ యూనిట్‌లో ఎన్ని మెషీన్లున్నాయి, ఎక్కడెక్కడ డిటాచ్‌మెంట్లు (యూనిట్ నుంచి విడిగా పంపిన చిన్న బృందాలు) పెట్టారు, హెలిప్యాడ్‌ల చోట్లు, ఇవేవీ వద్దు, ఎవరైనా చెప్పినా వద్దు. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదే అయినా ఇంకా బతికే ఉంది. పని చేస్తున్న స్థావరం గేటు ముందు ఫొటోలు తీయొద్దు. ప్రమాదాల గురించి రాసేటప్పుడు పైలట్ తప్పిదం అన్న మాట అధికారిక విచారణలో లేకపోతే మీరు తగిలించొద్దు, ఆ కుటుంబం అది చదువుతుంది.

డ్రాఫ్ట్ అయ్యాక ఇద్దరికి చూపించండి, ఒక పైలట్‌కి, ఒక టెక్నీషియన్‌కి, విడివిడిగా. ఒకే గదిలో కూర్చోబెడితే హోదాలో పెద్దాయన చెప్పిందే రెండో ఆయనా అనేస్తాడు. ఇద్దరూ సరిచేసిన కాపీని యూనిట్ అడ్జుటెంట్ (కార్యాలయ వ్యవహారాలు చూసే అధికారి) పేరు మీద స్పీడ్ పోస్టులో పంపండి, స్కాన్ చేసిన ఫొటోల పెన్‌డ్రైవ్ కూడా జతచేసి, ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా రాసి.